మేస్త్రి పొట్ట, మూడు గొట్టాలు

ఆ నిబంధన రాసింది నేనే. ఈ ముక్క మొదటే చెప్పేస్తే, చదువుతూ ఎవరిని తిట్టుకోవాలో మీకు వెతుక్కునే పని ఉండదు.

మాది జిల్లాలోకెల్లా పెద్ద పశువుల ఆసుపత్రి. పదకొండేళ్ళుగా నేనక్కడ డాక్టర్ని. ఈ పదకొండేళ్ళలో నా పేరు పేపర్లో ఒక్కసారే పడింది, అదీ గేదె నన్ను తన్నినప్పుడు. గేదె పరిస్థితి నిలకడగా ఉందని రాశారు. నా సంగతి రాయలేదు. అలాంటి రోజుల్లో నన్ను తులనాత్మక పరిశోధన మీద ఐదు రోజుల శిక్షణకు పంపారు. నిజానికి వెళ్ళాల్సింది మా సీనియరు. ఆయనకు అదే వారం మనవరాలి బారసాల పడింది.

శిక్షణలో ఒకాయన మైకు పట్టుకుని, "మీరు వాడేది మంచిదని మీకెలా తెలుసు? దేనితోనైనా పోల్చి చూశారా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు జలదరించింది. అప్పటిదాకా నేను దేన్నీ దేనితోనూ పోల్చలేదు. మా ఇంట్లో మాత్రం ఆ శాస్త్రం ముందునుంచీ ఉంది. నాకు ఇద్దరు తోడల్లుళ్ళు, మా ఆవిడకు శిక్షణ అక్కర్లేకపోయింది.

తిరిగొచ్చిన మర్నాడే నోటు పెట్టాను. ఇకపై ఆసుపత్రిలో ఏ పరికరాన్నయినా కనీసం మరి రెండింటితో పోల్చి చూసిన తర్వాతే వాడాలి అన్నది దాని సారాంశం. మా సంచాలకులు మార్తాండరావు గారు అది చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన నిలబడగా జెండా వందనం రోజున తప్ప నేను చూడలేదు.

"విశ్వమోహన్ గారూ, ఈ సంస్థ ఇన్నాళ్ళుగా పోలికారహితంగా నిర్వహించబడుచున్నదన్న వాస్తవము మీ నోటు ద్వారా మా దృష్టికి తేబడినది" అన్నారు. ఆయన ఇంట్లో పచ్చడి అడిగినా ఇలాగే అడుగుతారని వినికిడి.

'ఏ పరికరాన్నయినా' అన్న చోట కొట్టేసి 'ఏ వస్తువునైనా, పద్ధతినైనా, సేవనైనా' అని ఎర్ర సిరాతో దిద్ది సర్క్యులర్ చేశారు. నన్ను పోలికల సంఘానికి సభ్య కార్యదర్శిని చేశారు. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం.

మొదట చీపుళ్ళు పోల్చాం. ఒకే వార్డుని వరసగా ఈనె చీపురుతో, పూల చీపురుతో, ప్లాస్టిక్ చీపురుతో ఊడ్పించి, చివరిదే శుభ్రమైనదని తేల్చాం. మూడోసారి ఊడ్చేటప్పటికి అక్కడ చెత్తే మిగల్లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు, పట్టిక వేసిన నాకు కూడా. తర్వాత థర్మామీటర్లు. ఒక గేదెకు మూడు పెట్టి, సగటు తీసి జ్వరానికి మందిచ్చాం. గేదె చక్కగా ఇంటికి వెళ్ళింది. అది చూడి పరీక్షకు వచ్చిందని తర్వాత రిజిస్టరు చూస్తే తెలిసింది. గేటు తెరిచే పద్ధతులు కూడా మూడు ఉండాలి కాబట్టి లోపలికి తోశాం, బయటికి లాగాం, పక్కకి జరిపాం. పక్కకి జరపడంలో గేటు ఊడొచ్చింది. అప్పట్నుంచీ గేటు మూసే అవసరం తీరిపోయింది.

మా కాంపౌండరు సైదులుకి ఇరవైయారేళ్ళ సర్వీసు. ఒకరోజు నా పట్టికలన్నీ ఓపిగ్గా చూసి, "నన్ను గూడా ఎవరితోనన్నా పోలుస్తారా సార్?" అని అడిగాడు.

"రెండో విడతలో" అన్నాను. నేను వేళాకోళానికి అనలేదు.

ఇది ఇలా సాగుతుండగా ఒక సోమవారం పొద్దున్నే ఏసమ్మ వచ్చింది. తోపుడుబండి మీద ఖాళీ సిమెంటు సంచులు పరిచి, వాటి మీద గోధుమరంగు నాటు కుక్కని పడుకోబెట్టి, రెండు మైళ్ళు తోసుకుంటూ వచ్చింది. కుక్క తల ఎత్తలేకపోతోంది. నోరు వాసన వేస్తోంది.

"పేరేంటమ్మా?"

"మేస్త్రి."

"నేనడిగేది కుక్క పేరు."

"అదేనయ్యా. పనోళ్ళు వచ్చిన కాడ్నించి పోయిందాకా నిలబడి చూస్తానే ఉంటాడు. తను మాత్రం ఒక్క పనీ చెయ్యడు. అందుకని అందరూ మేస్త్రి అంటారు."

రెండు రోజులుగా అది మూత్రం పోయలేదట. "కాలెత్తుతాడు, నిలబడతాడు, మళ్ళీ దించుతాడు. చుక్క రావట్లా" అంది. రక్తం పరీక్ష చేశాం. ఎలుక జ్వరం, మూత్రపిండాలు మూతపడ్డాయి. లోపల తయారయ్యే విషం బయటికి పోయే దారి లేక ఒంట్లోనే ఉండిపోతోంది. అలాగే వదిలేస్తే ఒకరోజు, మహా అయితే రెండు రోజులు.

ఆ మాట నేను నెమ్మదిగా చెప్పాను. ఏసమ్మ ఏడవలేదు. బండి కర్రని పట్టుకుని నిలబడింది.

"నేను కాలవ పక్కన కడతన్న అపార్టుమెంటుకి కాపలా అయ్యా. బిల్డరు పెట్టుకుంది నన్ను కాదు, వీణ్ణి. నీ కుక్క బాగా మొరుగుద్ది, దానికి అన్నం పెడతా ఇక్కడే ఉండు అన్నాడు. వీడు పోయిన్నాడు నా ట్రంకుపెట్టె రోడ్డు మీదుంటది. అది పోనీయండి. ఆరేళ్ళ నుంచి నేను మాట్లాడేది వీడొక్కడితోనే."

చేయగలిగింది ఒకటుంది. దాన్ని పెరిటోనియల్ డయాలసిస్ అంటారు. పేరు చూసి బెదరనక్కర్లేదు. పొట్టకి చిన్న గాటు పెట్టి ఒక గొట్టం దించుతారు. గ్లూకోజు కలిపిన సెలైన్ని ఒంటి వేడికి కాచి లోపలికి పంపి, ముప్పావుగంట ఆగి, బయటికి తీస్తారు. ఒంట్లోని విషం కొంత ఆ నీళ్ళతో వచ్చేస్తుంది. మూత్రపిండాలు మళ్ళీ తేరుకునేదాకా గంటగంటకీ అలా చేస్తూ ఉండాలి. నీళ్ళు లోపలికి పంపడం ఎవరికైనా చేతనవుతుంది. బయటికి రప్పించడమే కష్టం. పేగుల మీద కొవ్వు తెర ఒకటి ఉంటుంది, అది వచ్చి గొట్టం చిల్లులకి అతుక్కుపోతుంది. పోసిన నీళ్ళు లోపలే ఉండిపోతాయి. అందుకే గొట్టాల్లో రకాలు పుట్టాయి.

"గొట్టం నా కాడుంది సార్" అన్నాడు సైదులు. అతని పద్ధతి అతనికుంది. సన్న గొట్టానికి మెలిక వరసలో చిల్లులు చేసి, దాన్ని చిల్లులున్న లావు గొట్టంలో దూరుస్తాడు. కొవ్వు వచ్చి పై గొట్టానికి అతుక్కున్నా లోపలి గొట్టం పని చేస్తూనే ఉంటుంది. అలాంటిది ఒకటి శుభ్రంగా ఉడకబెట్టి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాడు. "పది నిమిషాల్లో మొదలెట్టొచ్చు."

నేను గొట్టం వైపు చూశాను. గోడ మీద అంటించిన నా సర్క్యులర్ వైపు చూశాను.

"దీన్ని దేనితోనైనా పోల్చామా?" అన్నాను.

సైదులు నా మొహంలోకి చూసి, గొట్టాన్ని జాగ్రత్తగా గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. ఇరవైయారేళ్ళలో అతను నేర్చుకున్న విద్యల్లో డాక్టర్ల మొహం చదవడం కూడా ఒకటి.

పావుగంటలో పోలికల సంఘం కూర్చుంది. అధ్యక్షులు మార్తాండరావు గారు. గణాంకాలకు సువర్చల గారు, సగటు లేకుండా ఆవిడ దేన్నీ నమ్మరు. స్టోర్సుకి పానకాలు గారు, బీరువా తెరవడం ఆయన దృష్టిలో బీరువాకి అవమానం. కార్యదర్శిగా నేను.

స్టోర్సులో రెండు విదేశీ గొట్టాలున్నాయి. ఒకదానికి చిల్లులుండవు, పొడుగునా గాడులుంటాయి. రెండోదానికి చివర బిళ్ళలుంటాయి, కొవ్వుని దూరంగా తోసిపెట్టడానికి. సైదులు గొట్టంతో కలిపితే మూడు. ఎప్పుడో దేవుడు మన సర్క్యులర్ చదివి ఉంటాడని నాకు ఒక్క క్షణం అనిపించింది.

"మూడు పరికరములు, ఒకే రోగి" అన్నారు మార్తాండరావు గారు. "మూడింటినీ ఏకకాలమున ప్రవేశపెట్టిన యెడల?"

"ఏ నీళ్ళు దేన్లోంచి వచ్చాయో తేలదండీ" అన్నారు సువర్చల గారు. "ఒకే బరువు, ఒకే జబ్బు ఉన్న మూడు కుక్కలు కావాలి. రంగు కూడా కలిస్తే మంచిది."

పద్దెనిమిది కిలోల ఎలుక జ్వరం కుక్కలు రెండు కావాలని గేటు ఉండాల్సిన చోట బోర్డు పెట్టించాం. గంటలో ఐదుగురు వచ్చారు. ఒకాయన కుక్క కాలికి ముల్లు గుచ్చుకుంది. మరొకాయన ఆరోగ్యంగా ఉన్న కుక్కని తెచ్చి, "జబ్బు మీరే తెప్పించుకోండి, పిల్లలు దీన్ని పెంచలేకపోతున్నారు" అన్నాడు. ఒకావిడ పిల్లిని తెచ్చి బరువు సరిపోతుందేమో చూడమంది.

ఏసమ్మ కమిటీ గది గుమ్మం దగ్గరికొచ్చింది. "అయ్యా, ఆ రెండు కుక్కలూ వచ్చిందాకా వీణ్ణి ఆగమని చెప్పమంటారా?"

అధ్యక్షులు ఆ అభ్యర్థనను సానుభూతితో పరిశీలించవలసినదిగా నన్ను ఆదేశించారు. నేను సానుభూతితో తల ఊపాను.

చివరికి మార్గం కనిపెట్టింది నేనే. ఆ సంగతి దాచను. ఒకే కుక్కకి వరసగా ఒక్కో గంట ఒక్కో గొట్టం పెడదాం, వరస చీట్లు వేసి తేల్చుకుందాం అన్నాను. సంఘం బల్లలు చరిచింది. సువర్చల గారు మాత్రం చూపుడువేలెత్తారు.

"మూడు కాదు, నాలుగు చీట్లు. ఏ గొట్టమూ లేకపోతే ఎంత నీరు వస్తుందో కూడా చూడాలి కదా. అది లేకపోతే పోలికకి పునాదే లేదు."

అందరం సిగ్గుపడ్డాం. అంత చిన్న విషయం మాకెందుకు తట్టలేదా అని.

చీట్లు మార్తాండరావు గారి టిఫిను డబ్బా మూతలో వేశాం. ఆయన కళ్ళు మూసుకుని మొదటి చీటీ తీశారు. 'పరికరం లేదు' అని వచ్చింది.

అలా ఆ గంటసేపు మేస్త్రిని బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట కింద కొలత గాజుపాత్ర పెట్టి, ఏమీ చేయకుండా నిలబడ్డాం. నా చేతిలో గడియారం, సువర్చల గారి చేతిలో కాగితం. ప్రతి ఐదు నిమిషాలకీ నేను "సున్నా" అంటే ఆవిడ రాసుకున్నారు. పన్నెండుసార్లు సున్నా వచ్చింది. ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఇంత నిలకడైన ఫలితం తన సర్వీసులో చూడలేదన్నారావిడ. బల్ల అవతల ఏసమ్మ కుక్క చెవి నిమురుతూ నా నోటి నుంచి వచ్చే ప్రతి సున్నానీ వింటోంది. ఆవిడ నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

రెండో చీటీ గాడుల గొట్టం. నేనే స్వయంగా మత్తిచ్చి, గాటు పెట్టి దించాను. ఆరువందల మిల్లీలీటర్లు పోశాం, ముప్పావుగంట ఆగి గొట్టానికి వేసిన కట్టు విప్పాం. డెబ్బై వచ్చి ఆగిపోయింది.

"కాస్త పక్కకి తిప్పి, వెనక భాగం లేపితే వస్తది సార్" అన్నాడు సైదులు.

"భంగిమ మార్చరాదు" అన్నారు సువర్చల గారు. "ఒక గొట్టానికి ఒక భంగిమ, ఇంకో గొట్టానికి ఇంకో భంగిమ అయితే పోలిక చెడుతుంది."

నేను శిక్షణలో నేర్చుకున్నదీ అదే. తిప్పొద్దన్నాను. ఐదువందల ముప్పై మిల్లీలీటర్లు లోపలే ఉండిపోయాయి. మేస్త్రి పొట్ట ఉబ్బింది, ఊపిరి పైపైనే ఆడుతోంది.

మూడో చీటీ బిళ్ళల గొట్టం. పానకాలు గారు పెట్టె తెచ్చి గుండెలకి హత్తుకుని నిలబడ్డారు. "దీని సీలు తీయడానికి వీల్లేదండీ. వచ్చే నెల తనిఖీ బృందానికి సీలుతో సహా చూపించాలి."

"వాడని యెడల ఫలితము ఎట్లు తెలియును?" అన్నారు మార్తాండరావు గారు.

"వాడిన యెడల పరికరము ఎట్లు మిగులును?" అన్నారు పానకాలు గారు. ఆయనకీ ఆ భాష వచ్చని ఆరోజే తెలిసింది.

ఈ విషయం తేల్చడానికి సంఘం మళ్ళీ గదిలోకి వెళ్ళింది. చర్చ మధ్యలో ఫైలు కోసం నన్ను పంపారు. వార్డు ముందు నుంచి వెళ్తుంటే తలుపు ఓరగా ఉంది.

లోపల సైదులు నా గొట్టం తీసేసి, అదే గాటులోంచి తన గొట్టం దించాడు. "అమ్మా, వెనక కాళ్ళు పట్టుకుని కాస్త లేపు. ఇంకొంచెం. ఇప్పుడు నీ వైపుకి తిప్పుకో" అంటున్నాడు. ఏసమ్మ కుక్క నడుం కింద చేతులు పెట్టి, పసిబిడ్డని ఒళ్ళోకి తిప్పుకున్నట్టు తిప్పుకుంది. "రా అయ్యా మేస్త్రీ, ఇంక చాలు పడుకుంది, ఇటుకల లారీ వచ్చే టైమైంది" అంటోంది. బల్ల కింద తగిలించిన ప్లాస్టిక్ సంచిలోకి నీళ్ళు ధారగా దిగాయి. నేను పోసినవన్నీ వచ్చేశాయి. సైదులు వెంటనే వేడి సెలైన్ తగిలించి మళ్ళీ పోయడం మొదలెట్టాడు.

అప్పుడు నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి చెయ్యి వెయ్యొచ్చు. లేదా వెళ్ళి ఆపొచ్చు. నేను తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, ఫైలు తీసుకుని, కమిటీ గదికి వెళ్ళి కూర్చున్నాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన సాహసం అదొక్కటే. దానిక్కూడా చెమటలు పట్టాయి.

సీలు సమస్య మూడు రోజులు నడిచింది. సీలు తీయకుండా పెట్టెతో సహా పొట్టలో పెట్టగలమా అన్న దాకా వెళ్ళింది. ఆ మూడు రోజులూ సైదులూ ఏసమ్మా వంతులవారీగా మేల్కొని, గంటగంటకీ పోస్తూ, తిప్పుతూ, తీస్తూ ఉన్నారు. నేను పొద్దునా సాయంత్రమూ వార్డు ముందు నుంచి నడిచాను, కాస్త దగ్గుతూ, నేనొస్తున్నానని వాళ్ళకి తెలిసేలా. గురువారం మధ్యాహ్నం మేస్త్రి బల్ల దిగి, వరండాలోకి నడిచి, నా సర్క్యులర్ అంటించిన గోడ దగ్గర ఆగి కాలెత్తింది. ఈసారి వట్టినే దించలేదు.

శుక్రవారం అత్యవసర సమావేశం పెట్టారు.

"నిర్ణీత వరుసలో లేని పరికరముతో, అనుమతి పొందకుండా, రోగికి స్వస్థత కలిగించబడినది" అన్నారు మార్తాండరావు గారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

"అది తేరుకోవడంతో మా పోలిక మధ్యలో ఆగిపోయింది" అన్నారు సువర్చల గారు. "కుక్కని సోమవారం నాటి స్థితికి తీసుకురాగలిగితే మళ్ళీ మొదలెట్టొచ్చు." అది కుదరదని అధ్యక్షులే అన్నారు, సంస్థకు కరుణ అనేది ఒకటి ఉన్నదని.

సైదులుని సస్పెండు చేస్తూ మెమో రాయమని నాకు చెప్పారు. నా చేతిరాత బాగుంటుంది. కలం తీశాక నాకో ఆలోచన వచ్చింది. నా బుర్రలో పుట్టినవాటిలో ఎవరికైనా పనికొచ్చింది ఇదొక్కటేనేమో.

"సర్, మన సర్క్యులర్లో ఏ పద్ధతినైనా అని ఉంది. శిక్ష కూడా పద్ధతే కదా. ఇదే తప్పు చేసిన మరో ఇద్దరితో పోల్చి చూడకుండా ఇతనికి శిక్ష ఎలా ఖాయం చేస్తాం?"

మార్తాండరావు గారు ఎర్ర సిరాతో తాను దిద్దిన వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నారు. తన అక్షరాలు కాదనడం ఆయనకి అలవాటు లేదు. "సబబే" అన్నారు. "మరో ఇద్దరు అపరాధులను గుర్తించి, అనంతరము ముగ్గురి మీదా చర్య తీసుకొనబడును."

ఏసమ్మని పిలిపించారు. మేస్త్రి కూడా వచ్చి బల్ల కింద పడుకుంది.

"కాంపౌండరు ఈ కృత్యము చేయుచుండగా నీవు ఏమి చేయుచుంటివి?"

"కాళ్ళు పట్టుకున్నానయ్యా. తిప్పమన్నప్పుడు తిప్పా. నేను పట్టుకోకపోతే ఆయన ఒక్కడి వల్లా అయ్యేది కాదు."

సువర్చల గారు 'రెండు' అని రాసుకున్నారు. ఇంకొక్కరు దొరికితే మూడు. ఆ మూడో మనిషి బల్లకి ఈ పక్కన కలం పట్టుకుని కూర్చున్నాడు. తలుపు సందులోంచి చూశాడు, దగ్గరికి వేశాడు, మూడు రోజులు దగ్గాడు.

"ఆ సమయమున అక్కడ మరెవరైనా ఉండిరా?"

ఏసమ్మ నా వైపు చూసింది. ఆరోజు తలుపు సందులో నన్ను చూసిందని నాకప్పుడే తెలిసింది.

"ఈ డాక్టరు బాబు వచ్చి తలుపు కాడ నిలబడ్డాడయ్యా" అంది.

గదిలో అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఏసమ్మ బాగా ఆలోచించి, సాక్ష్యం చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాలన్న భయంతో, ప్రతి మాటా విడివిడిగా పలికింది.

"గానీ ఆయనేం చెయ్యలేదయ్యా. పాపం, ముందునుంచీ ఆయనేం చెయ్యలేదు."

మార్తాండరావు గారు నిట్టూర్చి, నా భుజం తట్టి, నిర్దోషి అన్నారు. అపరాధులు ఇద్దరే తేలడం చేత, మూడో అపరాధి దొరికే వరకు ఫైలు నిలిపి ఉంచాలని తీర్మానించారు. అది ఇప్పటికీ నిలిచే ఉంది. కార్యదర్శిని కాబట్టి ఏసమ్మ వాంగ్మూలం మినిట్సు పుస్తకంలో ఎక్కించాల్సింది నేనే. 'డాక్టరు గారు ఏమీ చేయలేదు' అని నా మంచి చేతిరాతతో రాసి, సరిగానే ఉందని కింద సంతకం పెట్టాను. దాని ముందు పేజీలోనే సోమవారం నాటి పట్టిక ఉంది. మొదటి వరసలో పన్నెండు సున్నాలు.

బయటికొస్తే ఏసమ్మ తోపుడుబండి దగ్గర నా కోసం ఆగి ఉంది. మేస్త్రి ఈసారి బండి ఎక్కలేదు, పక్కన నిలబడి బండిని పర్యవేక్షిస్తోంది.

"బాబూ, వీడు డ్యూటీకి పనికొస్తాడని ఒక చీటీ రాసియ్యండి. బిల్డరు వేరే కుక్కని చూస్తన్నాడంట."

మరో రెండు కుక్కలతో పోల్చకుండా ఆ చీటీ ఇవ్వకూడదు. జేబులోంచి కలం తీసి, బండి మీదే కాగితం పెట్టి, ఈ కుక్క ఆరోగ్యంగా ఉంది, గట్టిగా మొరగగలదు, కాపలాకి పనికొస్తుంది అని రాశాను. కింద 'చికిత్స చేసినవారు' అన్న చోట నా చెయ్యి అలవాటుగా నా పేరులో మొదటి అక్షరం వేసింది. దాన్ని కొట్టేసి, సైదులు, కాంపౌండరు అని రాశాను. దాని కింద ఏసమ్మ పేరు రాశాను.

"మీ పేరు లేదేంటి బాబూ?" అంది. ఆవిడకి చదువు రాదు గానీ కింద రాసిన పేర్లు రెండు వరసలేనని చూసింది.

అప్పుడు అట్టడుగున, 'రాసినవాడు' అని పెట్టి, పేరు రాశాను.